ఆషాఢంలో అల్లుడి రంపం

ఇప్పుడు ఆషాఢం అంటే బట్టల కొట్లలో తగ్గింపు ధరలు, ఆడపిల్లల గోరింటాకు ఫోటోలు. ఆ రోజుల్లో, అంటే తొంభైలు సగానికి వచ్చిన రోజుల్లో, మా చిత్తూరు వైపు ఆషాఢం అంటే కొత్తగా పెళ్లయిన మగవాడికి ముప్పై రోజుల శిక్ష. వైశాఖంలో బాజాలు మోగించి పెళ్లి చేసేవాళ్లు, మనిషి ఇంకా పెళ్లాం ఉన్న ఇంటికి పూర్తిగా అలవాటు పడకముందే ఒక మధ్యాహ్నం వచ్చి కాఫీ తాగి అమ్మాయిని పుట్టింటికి తీసుకెళ్లిపోయేవాళ్లు. పోనీ వెనకాలే వెళ్దామంటే ఆ నెలలో అత్త దాటిన గడప అల్లుడు దాటకూడదట. ఎందుకని అడిగితే, అదే అడక్కూడదట. సెల్‌ఫోన్లు మా వరకు రాలేదు. మా అత్తగారి ఊరికంతా కలిపి ఒకటే ఫోను, అది పాలకేంద్రంలో ఉండేది, దాని చుట్టూ ఎప్పుడూ పది మంది ఉండేవాళ్లు. (ఒకసారి చేశాను. మా ఆవిడను పిలిపించి 'తిన్నావా?' అని అడిగితే, అవతల నుంచి మూడు మగగొంతులు 'తినిందిలేప్పా' అని జవాబు చెప్పాయి. మళ్లీ చేయలేదు.)

అప్పటికి నాకు ఇరవై ఐదేళ్లు. తిరుపతిలో ఒక ట్యుటోరియల్ కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. పుట్టింది, పెరిగింది తిరుపతి సందుల్లో అద్దె పోర్షన్లలోనే కాబట్టి మాకు తోట అంటే మెట్ల పక్కన తులసి కుండీ. మా మామగారిది మాత్రం బంగారుపాళెం పక్కన పల్లెలో మంచి మామిడి తోట. పెళ్లిచూపుల రోజు ఆయన నన్ను తోటంతా తిప్పి 'ఇది నీలం, అది బేనీషా, అదిగో అది బెంగుళూరా' అని చూపిస్తుంటే నాకు అన్నీ ఒకే చెట్టు ఇరవైసార్లు కనిపించినట్టే ఉంది. అయినా తల ఊపాను. ఆ తల ఊపడమే కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.

ఆషాఢం మొదలైన వారానికి మా ఆవిడ దగ్గర నుంచి ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. ఇల్లంతా చదువుతారని తెలుసు కాబట్టి అందులో ప్రేమ మాటలేమీ లేవు. 'ఇక్కడ అందరూ క్షేమం. బేనీషా కాయ దించేసినారు. చెట్లు గుబురుగా పెరిగి లోపలికి ఎండ పడటం లేదు. కొమ్మలు తీసే మనుషులు దొరక్క నాయన విసుక్కుంటున్నాడు. మీరు వేళకు తినండి.' మా అమ్మ ఆఖరి వాక్యం చదివి 'ఎంత మంచి పిల్ల' అని మురిసిపోయింది. నేను మాత్రం దాని ముందు వాక్యం దగ్గర ఆగిపోయాను. కొమ్మలు తీసే మనుషులు దొరకలేదు. తోటలో పని. తోటకు గడప ఉండదు కదా! ఆ రాత్రి నాకు నిద్రపడితే ఒట్టు. పొద్దున్నే మామగారికి ఉత్తరం రాశాను. 'చెట్ల పనిలో నాకు కొంత అనుభవం ఉన్నది. పనిముట్లు నేనే తెచ్చుకుంటాను. వచ్చే ఆదివారం వస్తున్నాను. ఇంట్లోకి రాను.' (అనుభవం అన్నది పూర్తిగా అబద్ధం కాదు. కాలేజీ క్యాంపులో రోడ్డు పక్క చెట్ల మొదళ్లకు సున్నం కొట్టాను.)

శనివారం సాయంత్రం ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లాను. కొట్టాయన కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి ఒక్కొక్క ప్రశ్నే అడిగాడు. "ఏం సెట్టప్పా?" మామిడి అన్నాను. "కొమ్మలు ఎంత లావుంటాయి?" రెండు చేతులూ గాలిలో చాపి, దగ్గరికి తెచ్చి, మళ్లీ చాపి చూపించాను. "పచ్చివా, ఎండువా?" "అన్నీ ఉంటాయి" అన్నాను ధీమాగా. ఆయన లోపలికి వెళ్లి ఒక వంకర రంపం తెచ్చి నా ముందు పెట్టాడు. "పచ్చికొమ్మకి ఇదే. నీ పక్కకి లాగితే తెగతాది. పండ్లు పెద్దవి, పొట్టు ఇరుక్కోదు" అన్నాడు. దాన్ని చూస్తే కొడవలికి పళ్లు మొలిచినట్టుంది, చెక్కపిడి కూడా నల్లగా ఉంది. కొత్తల్లుడి చేతిలో ఉండాల్సిన వస్తువులా లేదు. దాని పక్కనే గోడకు వడ్రంగి రంపం ఒకటి వేలాడుతోంది. వెడల్పుగా, పొడుగ్గా, లైటు పడి తళతళలాడిపోతోంది. అదిమ్మన్నాను. "అది పలకలు కోసేదానికప్పా" అన్నాడాయన. కొమ్మ కూడా చెక్కే కదా అన్నాను. ఆయన దాన్ని గోడ మీంచి దించి ఇచ్చాడు. క్రోటన్ మొక్కలను సమంగా కత్తిరించే పొడుగు పిడుల కత్తెర ఒకటి, గులాబీ కొమ్మలు తుంచే ఎర్రపిడి చిన్న కత్తెర ఒకటి కూడా రంగు చూసి తీసుకున్నాను.

ఆదివారం తొలి బస్సుకు చిత్తూరు చేరి, అక్కడ బస్సు మారి బంగారుపాళెం దోవ పట్టాను. పాత దుప్పట్లో చుట్టిన మూటలోంచి రంపం కొస బయటికి పొడుచుకొచ్చింది. కండక్టరు దాన్ని చూసి, నన్ను చూసి, "ఏమప్పా, ఎవురి మీదికి పోతుండావు?" అన్నాడు. "అత్తగారింటికి" అన్నాను. బస్సంతా నవ్వింది. నాకు కోపం వచ్చింది కానీ, ఇంకో అరగంటలో మా ఆవిడను చూస్తానన్న సంతోషంలో ఆ కోపం నిలబడలేదు.

తోట దగ్గర మామ, ఆయన తల్లి అవ్వ, వాళ్ల వెనకాల మా ఆవిడ నిలబడి ఉన్నారు. పది రోజుల తర్వాత చూస్తున్నాను. ఆమె నన్ను చూసి నవ్వి వెంటనే తల దించుకుంది. నేను గేటు వైపు ఒక అడుగు వేశానో లేదో మామ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒక నిమిషం ఉండప్పా. మీ అత్త పొద్దున్నే ఈ గేట్లోనే తోటలోకి వచ్చింది. ఇది గడప కింద లెక్కా కాదా అని..." అని తల్లి వైపు చూశాడు. నేను వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను. అవ్వ గేటును పైకీ కిందకీ చూసి, కర్ర తాటించి తీర్పు చెప్పింది. "గడపంటే మానుతో సేసేది రా. పసుపు పూసేది గడప. ఈ కమ్మిగేటుకి ఏ పొద్దన్నా ఎవురన్నా పసుపు పూసినారా? రానీ బిడ్డని." నేను లోపల పడ్డాను. అల్లుడికి ఎదురుపడకూడదని ఎక్కడో చెట్టు చాటున నిలబడ్డ అత్త గొంతు మాత్రం వినిపించింది. "అయినా ఎందుకొచ్చిన తంటా, నేను కంచె సందులో పోతాలే." అన్నట్టే ఆ నెలంతా ఆమె ముళ్లకంచె సందులోంచే వచ్చింది, వెళ్లింది. నా పుణ్యాన ఆమె చీరలు రెండు చినిగాయి.

మామ చెట్టు కింద గోనెపట్ట పరిచి తన సామాన్లు పెట్టాడు. కొట్లో నేను వద్దన్న దానికి అన్నలాంటి వంకర రంపం, బరువైన మచ్చుకత్తి, వెదురుకు కొడవలి కట్టిన దోటి, అరిగిపోయిన చిన్న కత్తెర. "ఈటిలో ఏది కావాల్నో తీసుకో" అన్నాడు. నేను నవ్వి నా మూట విప్పాను. వడ్రంగి రంపం ఎండలో తళుక్కుమంది. మామ నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. కొత్తల్లుణ్ణి మొదటి ఏడు ఒక్క మాట కూడా తప్పు పట్టకూడదన్నది వాళ్ల ఇళ్లలో మర్యాద. నేను ఆ రంపంతో పళ్లు తోముకుంటానన్నా ఆయన నీళ్లు తెచ్చిపెట్టేవాడే గానీ వద్దనేవాడు కాదు. మా ఆవిడ మాత్రం దగ్గడం మొదలుపెట్టింది. నేను పొడుగు కత్తెర అందుకోగానే దగ్గింది. రంపం మీద చెయ్యి వేయగానే ఇంకా గట్టిగా దగ్గింది. కాలివేలితో గోనెపట్టను నా వైపు మెల్లగా నెట్టింది. అదంతా నా మీద ప్రేమ అనుకుని, "నీళ్లు తాగు, జలుబు చేసినట్టుంది" అన్నాను.

మొదటి గంట పొడుగు కత్తెరతో పనిచేశాను. నిచ్చెన ఎక్కి, చెట్టు చుట్టూ తిరిగి, బయటికి వచ్చిన చివుళ్లన్నీ సమంగా కత్తిరించి, దిగి దూరం నుంచి చూసుకుని, మళ్లీ ఎక్కి, ఎక్కడా వంకర లేకుండా చెట్టును గుండ్రంగా తయారుచేశాను. లోపల ఒకదాన్నొకటి రాసుకుంటున్న కొమ్మలు, ఎండిన పుల్లలు, అసలు తీయాల్సినవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. బయట మాత్రం చక్కగా ఉంది. అవ్వ రాయి మీద కూర్చుని చాలాసేపు చూసి కొడుకును అడిగింది. "ఏమిరా, అల్లుడు సెట్టుకి క్షవరం సేస్తాండాడా?" మామ గొంతు తగ్గించి, "కొత్త పద్ధతేమోలేమ్మా" అన్నాడు. పాపం ఆయన గొంతులో ఇంకా కొంచెం ఆశ ఉంది.

తర్వాత పెద్దకొమ్మ పని పట్టాను. నా తొడంత లావుంది. రంపం పైనుంచి పెట్టి కోయడం మొదలుపెట్టాను. నాలుగు వేళ్ల లోతు వరకు బాగానే దిగింది. ఆ తర్వాత తడి పొట్టు సన్నటి పళ్ల మధ్య పిండిలా ఇరుక్కుని రంపం కదలనని మొరాయించింది. లాగాను, తోశాను, కాలు తన్నిపట్టి లాగాను. చెమట కళ్లల్లోకి కారుతోంది, ఎర్రచీమలు మెడ మీదికి పాకుతున్నాయి, కింద నుంచి నా కొత్త పెళ్లాం చూస్తోంది. ఇక పౌరుషం వచ్చేసింది. రంపాన్ని అక్కడే వదిలేసి, పక్కకొమ్మ మీద నిలబడి, సగం కోసిన కొమ్మను రెండు చేతులతో పట్టుకుని నా బరువంతా వేసి కిందికి వంచాను. పెద్ద చప్పుడుతో కొమ్మ విరిగింది. విరిగి ఊరుకోలేదు. కింద తెగని బెరడును పట్టుకుని వేలాడుతూ, మాను పొడవునా జానెడు వెడల్పున తోలు వలిచేసుకుంటూ నేల మీదికి దిగింది. లోపలి తెల్లటి చెక్క బయటపడింది.

 తోటలో అన్నిటికంటే ముందు కాపుకొచ్చే చెట్టట అది. మామ దగ్గరికి వచ్చి ఆ గాయం మీద అరచెయ్యి పెట్టి, పైనుంచి కిందికి ఒకసారి రాశాడు. నన్ను తిట్టలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. పేడ, ఎర్రమట్టి తెస్తానని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. నేను నిచ్చెన దిగి పక్కకు నిలబడ్డాను. ఇక ఆషాఢం పోయినా ఈ తోట ముఖం చూడనివ్వరు, శ్రావణంలో పిల్లను పంపేటప్పుడు కూడా ఈ మనిషికి ఇచ్చామే అని బాధపడతారు అనుకున్నాను. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు మా ఆవిడ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, గోనెపట్ట మీద నుంచి వంకర రంపం తీసుకుని నిచ్చెన ఎక్కింది. నేను నోరు తెరిచి చూస్తున్నాను. పక్కనున్న ఇంకో కొమ్మకు ముందు కింది వైపు నుంచి కొంచెం కోసింది. తర్వాత దానికి రెండు వేళ్లు అవతల, కొమ్మ కొస వైపు, పైనుంచి కోసింది. కొమ్మ చక్కగా తెగి, బెరడు లాగకుండా కింద పడింది. మిగిలిన మోడును మానుకు దగ్గరగా, మాను తోలు మీదికి పోకుండా శుభ్రం చేసింది. దిగి నా పక్కన నిలబడి, మెల్లగా అంది. "దగ్గినా కదా. అంతసేపు దగ్గినా. ఒక్కసారన్నా నా పక్క సూస్తే కదా." చూశాను, కానీ చూసింది నీ ముఖం, రంపం కాదు అని చెప్పాలనుకున్నాను గానీ అవ్వ వింటోంది.

మామ పేడా మట్టీ కలిపి తెచ్చి గాయానికంతా మెత్తాడు. చేతులు కడుక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. మర్యాదను కాసేపు పక్కన పెట్టినట్టు ఆయన ముఖమే చెబుతోంది. "నిజం సెప్పప్పా. నీకు ఈ పని వచ్చునా?"

"రాదు మామా."

"ఒకటన్నా సెట్టు కొమ్మ తీసినావా ఇంతకు ముందు?"

"లేదు మామా. సున్నం కొట్టినా."

"మరి యాల వచ్చినావప్పా, ఇంత దూరం, ఇన్ని సామాన్లు కొనుక్కోని?"

నేను నేల చూశాను. మా ఆవిడ కంచె వైపు చూసింది. జవాబు అవ్వ చెప్పింది. "యాల వచ్చినాడని అడుగుతావేమిరా, సిగ్గు లేకుండా? నువ్వు ఆషాడంలో మీ మామోళ్ల వూరికి బాయి తవ్వేదానికి పోలేదా? బాయికి గడప ఉండదని సెప్పి! నీకేం బాయి పని వచ్చునా? గడ్డపార కాలి మీద యేసుకోని కుంటుకుంటా వచ్చినావు." చెట్టు చాటు నుంచి అత్త కిసుక్కుమని నవ్వింది. మామ ముఖం పండిన మామిడికాయ రంగుకు తిరిగింది. అంతటి మనిషి, ఊళ్లో పంచాయతీలు తీర్చే మనిషి, పైపంచె తీసి మెడ తుడుచుకున్నాడు, లేచి నిలబడ్డాడు, చెట్లను లెక్కపెడుతున్నట్టు అటూ ఇటూ చూశాడు. చివరికి నా వైపు తిరగకుండానే అన్నాడు. "బేనీషా ఇంకా పదకొండు సెట్లుండాయి. మనుషులేమో దొరకలా. ఆదివారం ఆదివారం వచ్చి నేర్సుకో. పాప సెప్పినట్టు సెయ్యి. కింద ఒకరు, పైన ఒకరు ఉంటేనే అయ్యే పని ఇది." మచ్చుకత్తి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

అలా నాకు మిగిలిన ఆదివారాలన్నీ దొరికాయి. మా ఆవిడే గురువు. కొమ్మను నా వేళ్లతో కొలిపించేది. చిటికెన వేలంత అయితే చిన్న కత్తెర. బొటనవేలు దాటితే కత్తెర పెట్టకూడదు, నలిగిపోతుంది, వంకర రంపం పట్టాలి. అందని ఎత్తులో ఉన్న ఎండుపుల్లలకు దోటి. మచ్చుకత్తి నేల మీద పడిన కొమ్మలు నరకడానికే గానీ చెట్టు మీద వాడకూడదు, దెబ్బ పక్కకు పోతే మాను పాడవుతుంది. "ముందు కొమ్మను సూడండి, తర్వాత సామాన్లు సూడండి" అనేది. నేను తప్పు సామాను పట్టుకుంటే ఇక దగ్గేది కాదు, మోచేతితో పొడిచేది. కొలవడానికి నా చిటికెన వేలు పట్టుకుని కొమ్మ పక్కన పెట్టేది. ఒక్కొక్క కొమ్మకూ ఆ వేలు వదలడానికి ఎంతసేపు పట్టేదో చెప్పను. మధ్యాహ్నం కంచె సందులోంచి రాగిసంగటి, కోడికూర వచ్చేవి. అత్త చెట్టు వెనకే నిలబడి, "సంగటి తింటాడేమో అడుగు, టౌను పిల్లోడు" అని కూతుర్ని అడిగేది. నేను "తింటానత్తా" అంటే, "తింటాడంట" అని కూతురు మళ్లీ చెప్పేది.

చెట్టు బాగుపడాలన్న కోరిక నాకు ఎంత ఉందో, పని తొందరగా అయిపోతుందన్న భయం అంతకంటే ఎక్కువ ఉండేది. అందుకని మెల్లగా చేసేవాణ్ణి. ఒక కొమ్మ కోసి నీళ్లు తాగేవాణ్ణి. రంపం తుడిచేవాణ్ణి. కోసిన చోటు బాగా వచ్చిందా అని నాలుగు వైపుల నుంచీ పరీక్షగా చూసేవాణ్ణి. పనివాళ్లయితే రెండు రోజుల్లో తేల్చేసే పదకొండు చెట్లలో నేను ఆదివారానికి మూడు చొప్పున చేశాను. మామ అప్పుడప్పుడు వచ్చి, ఎన్నయ్యాయో చూసి, "కానీ, కానీ, తొందరేముండాది" అని వెళ్లిపోయేవాడు. ఆయన్ను భలేగా బోల్తా కొట్టిస్తున్నానని నాలో నేను మురిసిపోయాను. శ్రావణం వచ్చేసరికి రెండు చెట్లు మిగిలాయి. మా ఆవిడను వెంటబెట్టుకుని తిరుపతి బస్సెక్కాను, ఆ రెండూ ఏమయ్యాయో అడగనే లేదు.

చాలా ఏళ్ల తర్వాత చిత్తూరు బస్టాండులో టీ తాగుతుంటే ఒకాయన దగ్గరికొచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. మా మామ వాళ్ల పక్క ఊరి మనిషి, కొమ్మలు తీసే మేస్త్రి. ఆయన్ను రంపం మేస్త్రి అంటారు. "సెట్టుకి క్షవరం సేసిన అల్లుడివి నువ్వే కదా?" అన్నాడు. (ఆ పేరు అంత దూరం పాకిందని అప్పుడే తెలిసింది.) కూర్చుని టీ తాగుతూ చెప్పాడు. "నువ్వు సెట్టు సీల్చిన మరుసటి రోజే నలుగురం పనికి వచ్చినామప్పా. మీ మామ వద్దనె. బెంగుళూరా సెట్లన్నీ సెయ్యండి, బేనీషా ముట్టుకోవద్దండి, మా అల్లుడు సేస్తా ఉండాడు అనె. ఆ సెట్టు సూసినాక కూడానా అని నేనంటే, నీకెందుకు, నీ పని నువ్వు సూసుకో పో అని కసురుకున్నాడు. నెలంతా ఆ పక్క సెట్లు మేము సేస్తిమి, ఆదివారం మాత్రం మమ్మల్ని తోటలోకి రానీలేదు."

టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. మూడు ఆదివారాలు ఆయన్ను మోసం చేశాననుకున్నాను. నేను పనిని ఎంత సాగదీశానో, ఆయన అంతకంటే ఎక్కువ సాగదీశాడు. కాయ కాసే చెట్లను, ప్రాణంగా చూసుకునే చెట్లను, ఒకదాన్ని అప్పటికే చీల్చిన వాడి చేతికి వదిలేసి, తొందరేముందని వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి మా ఆవిడకు చెబితే ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూనే, "నాకు తెలుసు" అంది. ఎప్పటి నుంచి అంటే, "మొదట్నించీ. సెప్తే మీరు పని నేర్సుకునేవాళ్లా?" అంది.

పోయిన ఎండాకాలం తోటకు వెళ్లినప్పుడు ఆ మాట ఎత్తాను. మామకు ఇప్పుడు ఎనభై దాటాయి. మంచం వేయించుకుని బేనీషా చెట్ల నీడలో కూర్చున్నాడు. "మామా, ఆ ఆషాఢంలో రంపం మేస్త్రి వాళ్లు వచ్చినారంట కదా?" అని అడిగాను. ఆయన పైపంచెతో మెడ తుడుచుకున్నాడు.

"లేదప్పా. ఆ యేడు మనుషులే దొరకలా. యాడా దొరకలా" అన్నాడు.

"అవును మామా, ఎక్కడా దొరకలేదు" అన్నాను.

ఆయన అటు తిరిగి కూర్చున్నాడు, నేను ఇటు తిరిగాను. ఇద్దరం నవ్వుకుంటున్నామని ఇద్దరికీ తెలుసు. ఈ పని తొందరగా తెమలకూడదని దేవుణ్ణి వేడుకుంటూ ఒక్కో కొమ్మనూ మెల్లగా కోస్తున్న ఆ ఇరవై ఐదేళ్ల పిచ్చివాడు గుర్తొచ్చాడు. వాణ్ణి ఆ తోటలో ఎవ్వరూ తొందరపెట్టలేదు.